బీచ్ వదిలి బస్సెక్కితే మారిషస్

మారిషస్ అంటే మనవాళ్లకు హనీమూన్. మా వదినతో కలిసి వెళ్తున్నానంటే ఆఫీసులో ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అన్నయ్యకు సెలవు దొరకలేదు, మా ఆయనకు విమానమంటే పడదు. మా ఇద్దరికీ మాత్రం ఆ దీవి మీద ఎప్పట్నుంచో కన్నుంది. హైదరాబాద్ నిప్పుల కుంపటిలా ఉన్న మే నెలలో బయల్దేరి, ముంబైలో విమానం మారి, ఆరుగంటల పైచిలుకు కూర్చుంటే చల్లటి గాలిలో దిగాం. భూమధ్యరేఖకు అవతలి దేశం కదా, మనకు రోహిణి కార్తె వచ్చే వేళకు వాళ్లు స్వెట్టర్లు బయటికి తీస్తారు. గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి. మన పాస్‌పోర్టుకు ముందుగా వీసా అక్కర్లేదు. తిరుగు టికెట్టూ, బస కాగితాలూ చూపిస్తే కౌంటర్లోనే ముద్ర వేసి పంపేస్తారు.

దేశం ఎంతుంటుందో ముందే చెబుతాను, మీరు వెళ్లేటప్పుడు పనికొస్తుంది. ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొసకి సుమారు 65 కిలోమీటర్లు. విజయవాడలో ఎక్కి ఏలూరులో దిగినంత. అంతమాత్రానికి కారెందుకు, బస్సుల్లో తిరుగుదాం అంది వదిన. విజయనగరం మనిషి, ఆర్టీసీ ఎక్కనిదే ఊరు చూసినట్టు కాదంటుంది.

విమానాశ్రయం దీవికి ఆగ్నేయ మూలన ఉంది. అక్కణ్నుంచి బస్సు కదిలిన కాసేపటికే రెండు పక్కలా చెరకు మొదలవుతుంది. ఇళ్లు వస్తాయి, పోతాయి, మళ్లీ చెరకే. ఆ చేల మధ్యలో మనిషి కంటే ఎత్తుగా, కొన్నిచోట్ల మేడలంతగా, నల్లరాళ్ల గుట్టలు. ఒకదానిమీదొకటి పేర్చినట్టున్నాయి. పాడుబడ్డ కోటలనుకున్నాను. వదిన సమాధులంది. పక్క సీటు పెద్దమనిషిని ఇంగ్లీషులో అడిగితే కిటికీలోంచి చూసి చాలా మామూలుగా చెప్పాడు. దీవంతా అగ్నిపర్వతం లోంచి పుట్టిన నేల, ఎక్కడ తవ్వినా రాయే. చెరకు వెయ్యాలంటే ముందు రాళ్లు ఏరాలి. ఏరినవాళ్లు మొదట బానిసలు, తర్వాత మన దేశం నుంచి ఒప్పందం మీద వచ్చిన కూలీలు. ఏరిన రాయిని మోసుకెళ్లి పారేసే చోటు లేక చేలోనే పోగేశారు. ఆ పోగులివి. ఆ తర్వాత ఎక్కడికెళ్లినా నా కళ్లు ముందు ఆ గుట్టల కోసమే వెతికేవి. సముద్రం ఫోటోలు తీసి పంపమని ఇంట్లోవాళ్లు గోల పెడుతుంటే నా ఫోను నిండా రాళ్లే.

విమానాశ్రయానికి దగ్గర్లోనే మహేబూర్ అనే చిన్న ఊరుంది. చాలామంది ఆగకుండా పోతారు. మీరు సోమవారం దిగితే మాత్రం ఆగండి, అది సంత రోజు. ఆనపకాయలు, కాకరకాయలు, కరివేపాకు కట్టలు, పక్కనే ఫ్రెంచి రొట్టెలు. ఊరి చివర పాత ఫ్రెంచి బంగళాలో ఒక మ్యూజియం ఉంది. 1810 ఆగస్టులో ఆ ఊరి ముందున్న సముద్రంలోనే ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ నౌకలతో కొట్టుకున్నారు. ఫ్రెంచివాళ్లు గెలిచారు, పారిస్‌లోని విజయ తోరణం మీద ఆ యుద్ధం పేరు చెక్కుకున్నారు కూడా. తమాషా ఏమిటంటే రెండు పక్షాల సేనానులూ గాయపడితే, ఇద్దరినీ తెచ్చి ఈ ఒక్క బంగళాలోనే వైద్యం చేశారు. గెలిచిన సంబరం ఎంతోకాలం నిలవలేదు. ఆ ఏడు డిసెంబరుకల్లా ఇంగ్లీషువాళ్లు ఉత్తరం వైపు నుంచి పెద్ద సేనతో దిగి దీవిని తీసేసుకున్నారు. ఆ సేనలో మద్రాసు నుంచి వచ్చిన సిపాయిలూ ఉన్నారు. అంతకుముందు డచ్చివాళ్లు 1598లో వచ్చి, చెరకునూ జింకలనూ తెచ్చి, డోడో పక్షిని లేకుండా చేసి, 1710లో వదిలేసి పోయారు. ఇన్ని చేతులు మారినా ఇంగ్లీషు ఆఫీసుల్లో, ఫ్రెంచి పత్రికల్లో, క్రియోల్ వీధిలో నిలిచిపోయాయి. కండక్టర్ ఒక ప్రయాణికుడితో క్రియోల్, ఇంకొకరితో భోజ్‌పురి, మాతో హిందీ మాట్లాడి టికెట్లు కొట్టడం చూసి వదిన ముచ్చటపడిపోయింది.

ఆ ఊళ్లోనే 1870 నుంచీ కర్రపెండలంతో బిస్కట్లు చేస్తున్న కార్ఖానా ఉంది. పెనాల కింద చెరకాకు మంట పెట్టి కాలుస్తారు. సామర్లకోట, పెద్దాపురం వైపు కర్రపెండలంతో సగ్గుబియ్యం చేయడం చూసినదాన్ని, బిస్కట్లు చేయొచ్చని మాత్రం తట్టలేదు. గట్టిగా ఉంటాయి, టీలో ముంచితే బాగుంటాయి.

మకాం రోజ్‌హిల్ అనే పట్నంలో పెట్టాం. అక్కణ్నుంచి రాజధాని పోర్ట్ లూయిస్‌కు మెట్రో ఉంది. మన హైదరాబాద్ మెట్రో కట్టిన ఎల్ అండ్ టీ వాళ్లే కట్టారు. హైదరాబాద్‌లోలాగా స్తంభాల మీద కాదు, చాలామటుకు నేలమీదే, ఇళ్ల వాకిళ్ల పక్కనుంచి పోతుంది. రాజధాని పేరు రాయడం ఒకలా, పలకడం ఒకలా. అక్కడ ‘పోర్ లూయీ’ అనాలి. ఊళ్ల పేర్లన్నీ ఇంతే, చివరి అక్షరాలు కాగితం మీద ఉంటాయిగానీ నోట్లోకి రావు. బోర్డు చూసి ఊరి పేరు అడిగితే ఎవరికీ అర్థం కాదు. బోర్డునే ఫోటో తీసి చూపించడం మొదలుపెట్టాక మా ప్రయాణం సుఖంగా సాగింది.

ఉత్తరాన ఉన్న పాంప్లెముస్ తోటకు వెళ్లాలని విక్టోరియా బస్టాండులో దిగితే అక్కడి బస్సులన్నీ దక్షిణానికేనట. ఉత్తరానికి వెళ్లే బస్సులు ఊరికి అటువైపున్న ఇంకో బస్టాండులో. మన మహాత్మాగాంధీ బస్‌స్టేషన్, జూబ్లీ బస్‌స్టేషన్ గొడవే. నడిచిపోవచ్చని ఒకాయన చెయ్యి చూపించాడు, ఆ చెయ్యి చూపించిన దిక్కున సందులో సందు, సందులో సందు. ఒక మలుపు తిరిగితే మసీదు, ఇంకో మలుపు తిరిగితే ఎర్ర తోరణం కట్టిన చైనాబజారు, మూలమీద ఒక చైనా దుకాణంలో చింతపండు. మూడో మలుపులో మళ్లీ మొదటి మసీదే ఎదురయింది. అడిగిన ప్రతివాళ్లూ నవ్వుతూ, ఓపిగ్గా, తలో దిక్కూ చూపించారు. ఆఖరికి పెద్ద మార్కెట్టు గేటు దగ్గర తేలాం. వదినకు ఆకలేసి ఇక అడుగు కదలనంది.

ఇక్కడ కాస్త నిదానిస్తాను, ఎందుకంటే ధోల్‌పురి తినకుండా మీరు మారిషస్ నుంచి రాకూడదు. గాజుపెట్టెలో, గుడ్డ కప్పిన దొంతరలో ఉంటాయి. పిండిలో ఉడికించి పొడి చేసిన పప్పు పెట్టి, అవతల మనిషి కనిపించేంత పల్చగా ఒత్తి కాలుస్తారు. బెల్లం వెయ్యని బొబ్బట్టు అనుకోండి, కానీ అరచేతిలో కాగితంలా మడతపడుతుంది. ఒక్కటి అమ్మరు, ఎప్పుడూ జతే. బండివాడు రెండిటినీ పరిచి, చిక్కుడుగింజల కూర ఒక గరిటె, టమాటా కూర ఒక గరిటె, పచ్చడి, పచ్చిమిరప ముద్ద రాసి, చుట్టి, కాగితంలో మెలిపెట్టి చేతిలో పెట్టేసరికి నాలుగైదు సెకన్లు. మిరప ముద్ద వెయ్యాలా అని సందేహంగా వదిన మొహం చూశాడు. ‘వెయ్యి నాయనా, వెయ్యి’ అంది వదిన తెలుగులోనే. వేశాడు. కళ్లనీళ్లు పెట్టుకుంటూ మొత్తం తినేసి ఇంకో జత అడిగింది. ఆ మంటకు మందు ఆలూదా అని పక్కనే దొరుకుతుంది, చల్లటి పాలలో సబ్జాగింజలు, జెల్లీ ముక్కలు. పొద్దున్న ఫలహారానికైతే గాతో పిమాన్ తినండి. అచ్చంగా మన పప్పువడ, కాకపోతే వెన్న రాసిన బ్రెడ్డులో పెట్టుకుని తింటారు. శాకాహారులకు ఈ దేశంలో ఏ బాధా లేదు.

చిల్లర ఇచ్చినప్పుడు నోటు తిప్పి చూశాం. నీటిగుర్తులో డోడో బొమ్మ, విలువ తమిళంలోనూ హిందీలోనూ కూడా. 1998లో కొత్త నోట్లమీద హిందీని తమిళానికి పైన వేశారని తమిళులు గొడవ చేస్తే, ఆ నోట్లు వెనక్కి తీసుకున్నారు. తెలుగు లేదేమిటని వదిన బండివాణ్ని నిలదీయబోతే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

వెతుకుతున్న ఉత్తరపు బస్టాండు మార్కెట్టుకి దగ్గర్లోనే ఉంది. దాని పక్కన, రేవు ఒడ్డున, తక్కువ ఎత్తు రాతికట్టడాలు కనిపిస్తే నీడ కోసం లోపలికి వెళ్లాం. అది ఆప్రవాసీ ఘాట్. ఆ దేశంలో ఒక్కచోటే చూడగలిగే వీలుంటే ఇక్కడికి రండి. టికెట్టు లేదు. 1834లో బానిసత్వం రద్దవబోతున్నప్పుడు చెరకు యజమానులకు కూలీలు కావలసి వచ్చారు. ఆ ఏడు నవంబరు 2న ‘అట్లస్’ అనే ఓడ కలకత్తా నుంచి 36 మందితో వచ్చింది. అక్కణ్నుంచి 1920 దాకా నాలుగున్నర లక్షల పైన మనుషులు ఈ రేవులో దిగారు. కలకత్తా, మద్రాసు, బొంబాయి ఓడలు. మన గంజాం, విశాఖ, గోదావరి జిల్లాలవాళ్లూ వాటిలో ఉన్నారు. ఒడ్డు నుంచి పైకి 16 రాతిమెట్లు. అంతే, 16. నల్లరాయి, అంచులు అరిగి నునుపెక్కాయి. ఇప్పుడు వాటి కిందికి సముద్రం రాదు, రేవు పూడ్చి రోడ్డు వేశారు, మెట్ల ముందు నుంచే కార్లు పోతుంటాయి. మెట్లెక్కినవాళ్లను రెండు రోజులు ఇక్కడే ఉంచి, పేరు, తండ్రిపేరు, కులం, ఊరు, ఎత్తు, ఒంటిమీది మచ్చలు రాసుకుని, ఒక్కొక్కరికీ ఒక నంబరిచ్చి తోటలకు పంపేవారు. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పక్క భవనంలో ఫోటోలున్నాయి. కెమెరా అంటే ఏమిటో తెలియని మనుషులు సూటిగా మనకేసి చూస్తుంటారు. వదిన ఒక్కో మొహం దగ్గరా ఆగి, ఇతను మా వైపు మనిషిలాగే ఉన్నాడు, ఈమె మా మేనత్తలా ఉంది అంటూ చాలాసేపు బయటికి రాలేదు.

పాంప్లెముస్‌కు ఆలస్యంగానే చేరాం. పద్దెనిమిదో శతాబ్దంలో పియెర్ ప్వావ్ర్ అనే ఫ్రెంచి ఆయన డచ్చివాళ్ల గుత్తాధిపత్యం బద్దలుకొట్టాలని జాజికాయ, లవంగం మొక్కలు రహస్యంగా తెప్పించి పెంచిన తోట. అక్కడి కొలనులో అమెజాన్ కలువాకులు అంచు పైకి మడిచిన పెళ్లి తాంబాళాల్లా తేలుతుంటాయి. పువ్వు మొదటిరోజు తెలుపు, మర్నాడు గులాబీ. నాకు మాత్రం తాళపత్రపు చెట్లు నచ్చాయి. మన పాత గ్రంథాలు రాసిన శ్రీతాళమే. దశాబ్దాలు పెరిగి, జీవితంలో ఒక్కసారి పూసి, కాసి, ఎండిపోతుంది. మేం వెళ్లినప్పుడు ఏదీ పూతలో లేదు, మీ అదృష్టం బాగుంటే చూస్తారు.

చెప్పడం మరిచాను, చీకటి పడకముందే ఇంటికి చేరిపోవాలి. సాయంత్రం ఐదున్నర, ఆరుకల్లా దుకాణాలు మూసేస్తారు, బస్సులు పల్చబడతాయి. రాత్రి పదకొండుకు బిర్యానీ తినే ఊరినుంచి వెళ్లినవాళ్లకు ఇది వింత. రాజధాని నడివీధిలో ఏడింటికి మా చెప్పుల చప్పుడు మాకే వినిపించింది.

దీవి మధ్యభాగం ఎత్తు. రాజధానిలో ఎండగా ఉందని బయల్దేరితే అరగంటలో క్యూర్‌పీప్‌లో వాన పట్టుకుంటుంది. అక్కడ అగ్నిపర్వతపు బిలం ఒకటుంది, ఇప్పుడంతా చెట్లు, అడుగున బురదనీళ్లు. దాని చుట్టూ ఊరివాళ్లు పొద్దున్నే నడకకు వస్తారు, మనం పార్కుకు వెళ్లినట్టు. ఇంకా దక్షిణానికి వెళ్తే గంగాతలావ్. అదీ పాత అగ్నిపర్వత బిలమే. 1972లో గంగాజలం తెచ్చి కలిపారు. ఒడ్డున 108 అడుగుల శివుడు. శివరాత్రికి లక్షలమంది దీవి నలుమూలల నుంచీ కావళ్లు మోసుకుంటూ నడిచి వస్తారు. మామూలు రోజుల్లో కోతులదే రాజ్యం. వదిన కొట్టిన కొబ్బరికాయలో ఒక చిప్ప మాకు, ఒక చిప్ప వాటికి.

పక్కనే బ్లాక్ రివర్ లోయల జాతీయ వనం. ప్రపంచంలో ఇంకెక్కడా లేని మారిషస్ చిన్న డేగ ఇక్కడ ఉంటుంది. 1974 నాటికి అడవిలో నాలుగంటే నాలుగు మిగిలాయి. గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లల్ని పెంచి వదిలి, వందలకు చేర్చారు. దాన్ని చూడాలని మెడలు నొప్పెట్టేదాకా పైకి చూస్తూ నిలబడ్డాం. చివరికి ఒక కొమ్మ కదిలింది, తలమీద తురాయి ఉన్న పిట్ట వాలింది. గైడు పెదవి విరిచాడు. అది మన పికిలిపిట్ట, వందేళ్ల కిందట ఎవరో మన దేశం నుంచి తెచ్చి వదిలారట, ఇప్పుడు దీవంతా అదే. దారిలో చిన్న ఎర్ర జామపళ్లకు ఉప్పూకారం అద్ది అమ్ముతున్నారు. డేగ కనపడని బాధ అక్కడితో పోయింది.

షమరెల్‌లో ఏడురంగుల నేల గురించి అందరూ చెబుతారు. బసాల్టు రాయి శిథిలమై మట్టిగా మారినప్పుడు ఇనుము, అల్యూమినియం పాళ్లను బట్టి ఎరుపు, ఊదా, పసుపు చారలు పడ్డాయి, గడ్డి కూడా మొలవదు. నిజమే, వింతే. కానీ ఫోటోల్లో అనిపించినంత పెద్దది కాదు, కంచె బయటినుంచి చూడ్డానికి పావుగంట చాలు. దగ్గర్లోని జలపాతానికి ఎక్కువ సమయం ఇవ్వండి.

నైరుతి మూలన సముద్రంలోకి పొడుచుకొచ్చినట్టు ల మోర్న్ కొండ, 556 మీటర్లు. తోటలనుంచి పారిపోయిన బానిసలు దీనిమీద దాక్కునేవారు. 1835 ఫిబ్రవరి 1న స్వేచ్ఛ వచ్చిందని చెప్పడానికి సిపాయిలు కొండెక్కితే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని పైనుంచి దూకేశారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 2008లో ఇదీ యునెస్కో జాబితాకెక్కింది. తెల్లవారుజామున గైడుతో ఎక్కండి. పైన కొంత మేర చేతులతో రాయి పట్టుకుని పాకాలి, వదిన సగం దూరంలో బండమీద కూర్చుని నేను దిగేదాకా గైడు తమ్ముడి పెళ్లి విషయాలు మొత్తం తెలుసుకుంది.

ఇంతకీ బీచ్? చూశాం, ఆదివారం పూట. ఆ రోజు రిసార్టులకు కాదు, జనం వెళ్లే పబ్లిక్ బీచ్‌కి వెళ్లండి. కుటుంబాలకు కుటుంబాలు గిన్నెలతో, చాపలతో బస్సుల్లో దిగి సరుగుడు చెట్ల కింద మకాం వేస్తారు. మన బాపట్ల, సూర్యలంక వైపు ఒడ్డున ఉండే సరుగుడే. మా పక్కవాళ్లు ఎండాకులు పోగేసి మంట పెట్టారు. వంటకేమో అనుకున్నాం. జల్లెడంత వెడల్పున్న మేకతోలు వాయిద్యం తీసి ఆ మంటకు తిప్పి తిప్పి కాచారు, వేలితో కొట్టి చూసి, ఇంకాస్త కాచి, మోకాలిమీద పెట్టుకుని మొదలెట్టారు. మన డప్పు కాచే తీరే. అది రవాన్, ఆ ఆటపాట సెగా, ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్లది. పాదం నేలమీంచి లేవకుండా జరుగుతూ ఆడతారు. వదినను కూడా లేపారు.

ఆ సాయంత్రం తిరుగు బస్సులో మేం వాదించుకుంటుంటే ముందు సీటులోని ముసలాయన వెనక్కి తిరిగాడు. ‘నమస్కారమండీ. తమరు తెలుగువారా? ఏ గ్రామము నుండి విచ్చేసినారు?’ నేను నోరు తెరిచేలోగా వదిన లేచి నిలబడి దండం పెట్టింది. ఆయన ప్రాథమిక పాఠశాలలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో మాట్లాడేది క్రియోలే, ఈ తెలుగంతా పుస్తకాల్లోంచి నేర్చుకున్నది. ముత్తాత విశాఖ జిల్లా నుంచి వచ్చాడు. ముత్తాత పేరు చెప్పడానికి ముందు ఆయన నంబరు చెప్పారు, తడుముకోకుండా, మనం ఫోన్ నంబరు చెప్పినట్టు. ‘మా తండ్రిగారు మాకు కంఠస్థము చేయించినారమ్మా’ అన్నారు వదినతో.

రామభజనకు రమ్మన్నారు, వెళ్లాం. చిన్న గుడి, గోడమీద సింహాద్రి అప్పన్న పటం. వదిన చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి ముందుకు పోబోతే నేను ఆపాను. నడుమ నిలువెత్తు దీపపు సెమ్మె. దాని చుట్టూ తాళాలు వేస్తూ తిరుగుతున్నారు. తెలుగు మాట్లాడలేని కుర్రాళ్లు కూడా పాట ఒక్క అక్షరం తప్పలేదు. మధ్యలో సందేహం వస్తే పక్కవాళ్లను క్రియోల్లో అడుగుతున్నారు.

జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల ఉధృతి ఎక్కువ, ఆ మూడు నెలలూ వదిలేయండి. బస సముద్రం ఒడ్డున కాకుండా రోజ్‌హిల్, కత్ర్ బోర్న్ లాంటి మధ్య ఊళ్లలో పెట్టుకుంటే ఖర్చు సగం తగ్గుతుంది, ఏ దిక్కుకైనా బస్సు దొరుకుతుంది. గొడుగు ఎప్పుడూ సంచిలో ఉండాలి, బస్సులో చిల్లర సిద్ధంగా ఉంచుకోండి. ఏప్రిల్లో ఉగాది పడిన ఏడాది ఆ రోజుకు వెళ్లగలిగితే మరీ మంచిది. అక్కడ ఉగాదికి దేశం మొత్తానికీ సెలవు. బస్సులు మాత్రం తక్కువ తిరుగుతాయి, చూసుకుని బయల్దేరండి.